నీలం దారం, నల్ల దారం

మా మామయ్యకు బల్బులు మార్చడం ఒక జబ్బయింది.

ఆయన దర్జీ. వీధిలోకి తెరుచుకునే మా ముందుగదే ఆయన దుకాణం. ఒక కుట్టుమిషను, గుడ్డ కత్తిరించే బల్ల, దారం రీళ్ళు దాచుకునే రేకు డబ్బా, నెలలో సగం రోజులు తిరగని ఫ్యాను. మిషను మీద మొదట మామూలు బల్బే ఉండేది. తర్వాత దానికంటే పెద్దది వచ్చింది. ఎండలు మొదలయ్యేసరికి, మూసేస్తున్న ఫొటో స్టూడియో నుంచి కొన్న ఫోకస్ లైటొకటి మిషను నెత్తిన వచ్చి కూర్చుంది. అది వెలిగితే ముందుగదే కాదు, వెనక వంటింట్లో బిందెలో నీళ్ళు కూడా వేడెక్కుతున్నాయని నా అనుమానం.

"బయట ఎండ చాలదా మామయ్యా? ఇంట్లో ఇంకో సూర్యుణ్ణి పెట్టారు."

"బల్బులు వెనకటిలా రావడం లేదమ్మాయ్. అన్నీ కల్తీ. వెలుగే లేదు వాటిలో."

ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో చిన్నప్పుడు చదివాను గానీ, కళ్ళారా చూసింది ఆ వేసవిలోనే. ఆయన్ని బతిమాలి, బెదిరించి, చివరికి పాల ప్యాకెట్ తెచ్చుకుందాం రండని అబద్ధమాడి, కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, నాతో కాదు, ఆయనతోనే చెప్పింది.

"శుక్లాలు పెద్దాయనా. ఎడమ కంటిది ఇంకొన్నాళ్ళు ఆగుతుంది. కుడి కంటిది బాగా ముదిరిపోయింది. వానలు పడేలోపు తీయించుకోండి. ఇంకా నాన్చితే లోపల వాచి, అసలు చూపే పోవచ్చు. అప్పుడు నేను కూడా చేసేదేమీ ఉండదు."

మామయ్య బుద్ధిగా తలూపారు. బయటికి రాగానే చెప్పులు వేసుకుంటూ, "కత్తెర పట్టినవాడికే తెలుస్తుందమ్మా కత్తెర సంగతి. ఒక్క నూలు పక్కకి పోతే చొక్కా పాడవుతుంది. అక్కడ పాడయ్యేది చొక్కా కాదు" అన్నారు.

"ఆవిడ రోజూ చేసే పనే కదా మామయ్యా."

"నేనూ రోజూ చేసే పనే. ఎన్ని చొక్కాలు పాడుచేశానో నీకు తెలియదు."

ఇక ఆ మాట ఎత్తితే చాలు, మిషను తొక్కడం మొదలుపెట్టేవారు. ఆ చప్పుడులో నా మాట వినపడదని ధీమా. మా ఆయన ఉంటే ఇద్దరం కలిసి ఒత్తిడి చేసేవాళ్ళమేమో. కానీ ఆయన బస్సు డ్రైవరు. వేసవి సెలవుల రద్దీకి అదనపు బస్సులు వేశారని వేరే డిపోకి పంపించారు. ఎప్పుడో ఒక పూట వచ్చి, బట్టలు మార్చుకుని, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. ఫోనులో నేను మొత్తుకుంటే, "చూద్దాంలే, నాన్నని తొందర పెట్టకు" అనేవాడు. చూద్దాంలే అనే మాటకు మా ఇంట్లో ఉన్నంత గిరాకీ ఇంకెక్కడా ఉండదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను మొక్కల మీద పరిశోధన చేసే ల్యాబులో పనిచేస్తాను. ఎండ దెబ్బ తగిలినప్పుడు మొక్క కణాల్లో ప్రోటీన్లు ఎలా చెడిపోతాయి, చెడినవాటిని కణం ఏం చేస్తుంది అన్నది నా పని. ప్రోటీను తీరుగా మడతపడితేనే అది చేయాల్సిన పని చేస్తుంది. వేడికి ఆ మడత చెడుతుంది. మడత చెడినవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కడతాయి. అలా కట్టకుండా వాటిని గబగబా పట్టుకుని ఉంచే చిన్న కాపలా ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. అవి బాగుచేయవు, పట్టుకుంటాయంతే. బాగుచేసేవి వేరే ఉన్నాయి. అవి వచ్చి మళ్ళీ మడత పెడతాయి. కుదరకపోతే ఇంకొన్ని వచ్చి ముక్కలు చేసి, పనికొచ్చే సరుకు తీసుకుని మిగతాది వదిలించుకుంటాయి. ఆకు ముదిరేకొద్దీ ఈ పనివాళ్ళందరూ తగ్గిపోతారు. అందుకే లేత ఆకు తట్టుకున్న ఎండకి ముదురు ఆకు పండిపోతుంది.

నా దగ్గర రెండు రకాల విత్తనాలు ఉండేవి. ఒకటి మామూలు రకం. రెండోది ఆ కాపలా ప్రోటీను తయారుకాని లోపం రకం. చూడ్డానికి రెండూ ఒకటే. ఆవగింజ పక్కన పెడితే నలకల్లా కనిపిస్తాయి. నారు పోసి, ముందు కాస్త వేడి చూపించి అలవాటు చేసి, తర్వాత పెద్ద వేడి పెడితే మామూలు రకం బతకాలి, లోపం రకం చావాలి. అంతే పరీక్ష. చెప్పడానికి ఇంత సులువు.

ఆ నలకలు కాగితపు కవర్ల మూలల్లోంచి కారిపోయేవి. ఇంటికి తెచ్చి పొట్టు ఊదుకుంటూ నేను విసుక్కుంటుంటే మామయ్య చూశారు.

"కాగితంలో పోస్తే కారక ఏం చేస్తాయి? లైనింగు గుడ్డ ముక్కలు బోలెడున్నాయి. చిన్న సంచులు కుట్టి, పోసి, మూతి కూడా మిషను మీద వేసేస్తాను. చీమ కూడా దూరదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. కవర్లన్నీ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. నీలం పెన్ను గీత ఉంటే లోపం రకం, నల్ల పెన్ను గీత ఉంటే మామూలు రకం. ఏ గీతకు ఆ రంగు దారంతో కుట్టమని చెప్పాను.

"ఓస్, అంతేనా" అన్నారాయన.

మర్నాడు సాయంత్రానికి బొటనవేలంత సంచులు, పెట్టె నిండా. ఎంత ముద్దుగా ఉన్నాయో. ఒకదానికి మాత్రం కుట్టు ఒక వైపు నీలంగా, రెండో వైపు నల్లగా ఉంది. ఏమిటిదని అడిగితే, "కింద బాబిన్‌లో పాత దారం మిగిలిందమ్మా, పారేయడమెందుకని" అన్నారు. పొదుపు మనిషి అనుకుని, పైన కనిపించే రంగే లెక్కలోకి తీసుకున్నాను. కాగితపు కవర్లు చించి పారేశాను.

ఇక చూడండి నా తిప్పలు. మొదటి పరీక్షలో లోపం రకం మొక్కలు కొన్ని నిక్షేపంగా బతికాయి, మామూలువి కొన్ని గుడ్లు తేలేశాయి. రెండోసారి పెట్టాను. ఈసారి ఇంకో విడ్డూరం, రెండు రకాల్లోనూ సగం సగం. వేడినీళ్ళ తొట్టి పాడయిందేమోనని కొత్తది అడిగి తెచ్చుకున్నాను. థర్మామీటర్లు మార్చాను. నీళ్ళు మార్చాను. నారు పోసే పళ్ళాలు మార్చాను. చివరికి నా మీద నాకే అనుమానమొచ్చి, పక్క బెంచి ఆవిణ్ణి నిలబెట్టి, ఆవిడ చూస్తుండగా చేశాను. చావాల్సినవి పచ్చగా నవ్వుతున్నాయి, బతకాల్సినవి తెల్లబడి పడిపోతున్నాయి.

మా సార్ మంచివాడే. కానీ ఓపిక ఆయన సొంత ఆస్తి, ఇంకొకరికి అప్పు ఇవ్వడు. పళ్ళెం ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"చేతి దోషమమ్మా ఇది."

"లేదు సార్. అన్నీ సరిచూశాను."

"అన్నీ సరిచూస్తే ఇలా ఎందుకొస్తుంది?"

"అదే నాకూ తెలియడం లేదు సార్."

"విత్తనాలు?"

"నేనే కోశాను సార్."

ఆ జవాబు నిజమే. సంచుల్లో పోసింది నేను కాదని ఆ క్షణంలో నాకు తోచనే లేదు. ఆయన పళ్ళెం కింద పెట్టి, ఈ వేసవిలో తేలకపోతే ఈ పని పక్కన పెట్టి వేరేది చూద్దామన్నాడు. వేరేది అంటే ఇంకొకరి పనిలో చెయ్యి పెట్టడం. నేను సరేనని వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఎవరిని తిట్టాలో తెలియక ఎండను తిట్టాను.

ఇంటికొస్తే ఇక్కడ ఈ లైటు. ల్యాబులో మాట వినని మొక్కలు, ఇంట్లో మాట వినని మామయ్య. ఒకరోజు ఉండబట్టలేక ఆ లైటుకి అడ్డంగా నిలబడ్డాను.

"మామయ్యా, కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన ఏమవుతుంది?"

"గట్టిపడుతుంది."

"ముందు దానిలోంచి అవతల ఏముందో కనిపిస్తుంది. ఉడికాక కనిపించదు. మీ కంట్లో బిళ్ళలాంటిది ఒకటుంటుంది, దానికి అదే జరుగుతోంది. దాన్నిండా ప్రోటీన్లే. అవి మడత చెడి గడ్డలు కడుతున్నాయి."

"అంటే నా కన్ను ఉడుకుతోందంటావు."

"ఈ లైటు కింద కూర్చుంటే అదీ అవుతుంది. వినండి. మీ కంట్లో వాటికి కాపలా కాసే ప్రోటీనూ, నా మొక్కల్లో కాపలా కాసే ప్రోటీనూ ఒకే వంశం. చుట్టాలు."

ఆయనకు అది నచ్చింది. మిషను ఆపారు. "అయితే నీకూ నాకూ చుట్టరికం పెళ్ళితో మొదలవలేదన్నమాట. ఇంతకీ వాటిని కాపాడుకుంటున్నావా, చంపుతున్నావా?"

"చంపుదామనే చూస్తున్నాను. చావడం లేదు. ఆ సంగతి వదిలేయండి. మొక్కకైతే చెడినదాన్ని ముక్కలు చేసి వదిలించుకునే ఏర్పాటు ఉంది. మరీ ముదిరితే ఆకులోని సారమంతా లేత ఆకులకి పంపించి, ఆ ఆకునే రాల్చేస్తుంది. మీ కంటి బిళ్ళకి ఆ వీలు లేదు. పుట్టినప్పటి సరుకే చివరిదాకా. కాపలావాళ్ళు పట్టుకున్నంత కాలం పట్టుకుంటారు. వాళ్ళ చేతులు నిండిపోయాక ఇంక వాళ్ళ వల్ల కాదు."

"అప్పుడు?"

"అప్పుడు డాక్టరమ్మ తీయాలి."

ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించారనుకున్నాను. నా మొహం వైపు చూశారు. చూశారు అనడం కూడా తప్పే, నా గొంతు వచ్చే వైపు తిరిగారు.

"వానలు పడనీ అమ్మాయ్. చూద్దాంలే" అని మళ్ళీ మిషను తొక్కారు.

వానలు పడితే ఆలస్యమైపోతుందని డాక్టరమ్మ చెప్పింది ఈయనకే. గోడకేసి తల బాదుకుంటే గోడ పగులుతుంది గానీ ఈ మనిషి కదలడు. నేను విసురుగా లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను. తలుపు చప్పుడు ఆయనకు వినిపించాలనే వేశాను.

ప్లీడరుగారు వచ్చింది ఆ వారంలోనే, ఒక ఆదివారం పొద్దున. మామయ్య దగ్గర ఎన్నో ఏళ్ళుగా కోట్లు కుట్టించుకుంటున్న మనిషి. చేతిలో కొత్త నల్లకోటు. వస్తూనే దాన్ని కత్తిరింపు బల్ల మీద పరిచారు.

"ఏమయ్యా టైలరూ, ఏమిటీ కాజాలు?"

మామయ్య గుండీలు దూర్చే ఆ కాజాల అంచులు వేలితో తడిమారు. "ఏం, బిగువుగానే ఉన్నాయే. నూలు కూడా లేవలేదు."

"బిగువు సంగతి కాదయ్యా. నల్లకోటుకి నీలం దారంతో కాజాలా? నేను వాదిస్తుంటే జడ్జిగారు నా మొహం చూడకుండా నా పొట్ట వంక చూస్తున్నారు."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. మామయ్య చెయ్యి కోటు మీదే ఆగిపోయింది. ఒక్క క్షణమే.

"అది కొత్త ఫ్యాషనండీ. పెద్ద పెద్దవాళ్ళు అలాగే వేయిస్తున్నారు."

"నాకు ఫ్యాషన్ ఎందుకయ్యా, నేను కేసు గెలవాలి!"

"ఉంచి వెళ్ళండి. మార్చి పెడతాను."

ప్లీడరుగారు గొణుక్కుంటూ బయటికొచ్చారు. మంచినీళ్ళిచ్చే నెపంతో నేనూ వెంట వెళ్ళాను. మెట్టు మీద ఆగి గొంతు తగ్గించారు.

"పెద్దాయన్ని ఏమీ అనకమ్మా. పోయిన నెల కుట్టిన కోటు కూడా ఇంతే. అప్పుడు నేనే అవతలి వీధిలో విప్పించి కుట్టించుకున్నాను. నేనొక్కణ్ణే కాదు, చాలామందిమి అంతే. ఈసారి తీరిక లేక ఇలా వచ్చాను."

ఆయన వెళ్ళిపోయారు. నేను గ్లాసు పట్టుకుని మెట్టు మీదే నిలబడ్డాను. నల్లకోటుకి నీలం దారం. నీలం, నలుపు. నా సంచుల మీదా అవే రంగులు.

లోపలికి పరుగెత్తి నా సంచుల పెట్టె తీశాను. ఒక వైపు నీలం, ఒక వైపు నలుపు ఉన్న ఆ సంచి అడుగున దొరికింది. పొదుపట, పొదుపు! ఏ దర్జీ అయినా పైన ఒక రంగు, బాబిన్‌లో ఒక రంగు పెట్టి కుడతాడా? శుక్లం ముదిరిన కంటికి నీలం కూడా నల్లగానే కనిపిస్తుంది కదా, ఆయన రెండూ ఒకటే అనుకుని కుట్టారు. అట్టపెట్టెలో నా పెన్ను గీతలు కూడా ఆయనకు ఒకేలా కనిపించి ఉంటాయి. అంటే నా విత్తనాలన్నీ ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి. ఇన్ని వారాలు నేను పరీక్షించింది మొక్కల్ని కాదు, మామయ్య ఊహల్ని.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. ఆ రోజు ముక్కు దాటి నెత్తికెక్కింది. వేసవంతా బూడిదలో పోసిన పన్నీరయింది. సార్ ముందు తల వంచుకున్నది, పక్క బెంచి ఆవిడ జాలిగా చూసినది, అన్నీ గుర్తొచ్చాయి. ఆ సంచి పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. అరవాలనే వెళ్ళాను.

ఆయన ఫోకస్ లైటు కింద కూర్చుని, కోటు ఒళ్ళో పెట్టుకుని, కాజా దారాన్ని బ్లేడుతో విప్పుతున్నారు. చెమట మెడ మీంచి బనీనులోకి కారుతోంది. బ్లేడు దారం మీద పడుతోందో గుడ్డ మీద పడుతోందో వేలితో తడిమి చూసుకుంటున్నారు.

సంచిని బల్ల మీద పెట్టాను.

"మామయ్యా, ఇది ఏ రంగు దారంతో కుట్టారు?"

"నువ్వు చెప్పిన రంగుతోనే."

"ఒక వైపు నీలం ఉంది. ఒక వైపు నలుపు ఉంది."

ఆయన సంచి అందుకున్నారు. బొటనవేలితో కుట్టు మీద ఇటు రాసి, తిప్పి అటు రాశారు.

"నీ మొక్కలు చావకపోవడానికి ఇదేనా కారణం?" అన్నారు.

"ఇదే."

ఆయన చెయ్యి పైకెత్తి, తడిమి, ఆ లైటు స్విచ్చి ఆర్పారు. పట్టపగలు దుకాణం తెరిచి ఉండగా ఆ లైటు ఆరడం ఆ వేసవిలో అదే మొదటిసారి. గది ఒక్కసారిగా చల్లబడినట్టయింది.

"ఆ డాక్టరమ్మ ఆదివారం ఉంటుందా?" అని అడిగారు.

ఆదివారం ఉండదు. మర్నాడు వెళ్ళి రోజు ఖాయం చేసుకొచ్చాం. "ఇంకా ఆలస్యం చేసి ఉంటే మాత్రం నేను తిట్టేదాన్ని" అంది డాక్టరమ్మ. మా ఆయన సెలవు పెట్టి ఆపరేషన్‌కి ముందురోజు వచ్చాడు. వచ్చి, నాన్నకి బట్టలు సర్దుతూ, అలవాటుగా రేకు డబ్బా మూత తీసి చూశాడు. ఒక రీలు తీసి అంచు తడిమాడు. ఇంకోటి తీశాడు.

"ఇవి కొత్తవా? వీటికి గాటు లేదే."

"ఏం గాటు?" అన్నాను.

నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మెల్లిగా కక్కించాను. రెండేళ్ళుగా, ఏ కొత్త రీలు వచ్చినా, మామయ్య నిద్ర లేవకముందే తీసి, నీలం రీలు అంచున చాకుతో చిన్న గాటు పెట్టేవాడట. నున్నగా ఉంటే నలుపు, గాటుంటే నీలం. ఆయన వేలికి అలవాటైపోతుందని, తేడా తెలియకుండానే సరైన రీలు తీసుకుంటాడని. ఈ వేసవిలో ఇంట్లో లేడు. కొత్త రీళ్ళొచ్చాయి. గాటు పడలేదు.

"నీకు రెండేళ్ళుగా తెలుసా!"

"మెల్లిగా మాట్లాడు. నాన్న వింటాడు."

"విననీ! నేను డాక్టరు డాక్టరని గోల పెడుతుంటే ఫోనులో చూద్దాంలే చూద్దాంలే అన్నావు. నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ సంచులు ఆయన చేతికిచ్చేదాన్నా?"

"నాన్న బాధపడతాడనీ..."

"బాధపడకుండా పట్టుకుని కూర్చున్నావు. పట్టుకోవడం మంచిదే, కాదనను. ఎంతకాలం? నా మొక్కల్లో కాపలావాళ్ళు నయం. పట్టుకున్నదాన్ని బాగుచేసేవాళ్ళకి అప్పగిస్తారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు కదా!"

ఆయన తలొంచుకుని రీలు అటూ ఇటూ తిప్పుతున్నాడు. నాకు ఇంకా తిట్టాలనే ఉంది. ప్లీడరు తెలిసీ చెప్పలేదు. వీధిలో సగంమంది తెలిసీ చెప్పలేదు. కొడుకు తెలిసీ చెప్పలేదు. అందరూ మంచివాళ్ళే. ఇంతమంది మంచివాళ్ళు కలిసి ఒక మనిషి కన్ను పోయేదాకా తీసుకొచ్చారు. ఎవరి మీద కోప్పడాలో తేలక, పోయి మామయ్య చొక్కాలు మళ్ళీ మడతపెట్టాను. అవి ముందే బాగా మడతపెట్టి ఉన్నాయి.

ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. బయట బెంచీ మీద మేమిద్దరం చెరో చివరా కూర్చున్నాం. డాక్టరమ్మ వచ్చి, రాయిలా అయిందని, అయినా బాగానే వచ్చిందని చెప్పింది. మర్నాడు కట్టు విప్పాక మామయ్య మొదట డాక్టరమ్మ మొహం చూసి, "నువ్వింత చిన్నపిల్లవా?" అన్నారు. ముందే తెలిసి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదని నాతో గుసగుసలాడారు.

కొన్నాళ్ళు మిషను జోలికి పోవద్దన్నారు. కుట్టొద్దన్నారు గానీ చూడొద్దనలేదుగా అని, ఇంటికి రాగానే రేకు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎడమ కంటికి ఇంకా శుక్లం ఉంది. అరచేత్తో ఒక కన్ను మూసి చూస్తారు, రెండోది మూసి చూస్తారు.

"ఈ కంటితో నీలం. ఈ కంటితో నలుపు. చిత్రంగా ఉందే" అనుకుంటున్నారు. తర్వాత ఒక పాత రీలు తీసి, అంచు దగ్గరగా పెట్టుకుని చూసి, గుమ్మంలో నిలబడ్డ కొడుకుని పిలిచారు.

"ఇంత వంకరగా పెట్టావేంరా గాట్లు? వేలికి బాగానే తగిలేవి. చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి."

మా ఆయన గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. "నీకు తెలుసా నాన్నా?"

"నా డబ్బాలో రీలుకి గాటు పడితే నాకు తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తండ్రి కుడి కంటితో చూస్తున్నారు. రెండేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే డబ్బా చుట్టూ, ఒకరికి తెలియకుండా ఒకరు దాగుడుమూతలు ఆడారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

"మరి గాటు లేని రీళ్ళొచ్చినప్పుడు?" అన్నాను నేను. "నా సంచులప్పుడు?"

ఆయన రీలు కింద పెట్టారు. "వీడు లేడు. నిన్నడిగితే తెలిసిపోతుంది. ఊహించి కుట్టానమ్మాయ్. సగమైనా సరిగ్గా పడకపోతాయా అనుకున్నాను."

"ఒక్క మాట అడిగితే ఏం పోయేది మామయ్యా? పక్క గదిలోనే ఉన్నాను కదా. ఇందులో నీలం ఏదమ్మాయ్ అంటే చెప్పేదాన్ని కాదా?"

"చెప్పేదానివి" అన్నారు. "మర్నాటి నుంచి ఈ మిషను మీద కూర్చోనిచ్చేదానివి కాదు."

కూర్చోనిచ్చేదాన్నే అనాలని ఉంది. కానీ ఆ వేసవిలో ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళడానికి నేనాడిన అబద్ధాలు, వేసిన తలుపులు గుర్తొచ్చాయి. కోపం పోలేదు. దాని పదును కాస్త పోయింది.

ల్యాబుకి వెళ్ళి సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. సంచుల్లోని విత్తనాలు పరీక్షించి చూస్తే నిజంగానే కలగాపులగం అయ్యాయి. సార్ అంతా విని, "మీ మామగారి కన్నెలా ఉంది?" అని అడిగాడు. ఫ్రిజ్‌లో ఆయన తాళం వేసి దాచుకునే మొదటి విత్తనాల్లోంచి చిటికెడు చిటికెడు తీసి ఇచ్చాడు. ఈయన ఓపిక అప్పివ్వడని అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ చిటికెడూ చూసి మామయ్య చెయ్యి చాపారు.

"డాక్టరమ్మ ఇక మిషను తొక్కొచ్చందిగా. ఇవీ నేనే కుడతాను. నీలం, నలుపు. రంగులు మార్చొద్దు."

"మామయ్యా..."

"నువ్వు పక్కన కూర్చుని చూడు. ప్రతి సంచీ చూడు. తప్పేముంది?"

చూశాను. ఒక్కో సంచీ అయినప్పుడల్లా ఆయన నా చేతికిచ్చేవారు. నేను రెండు వైపులా తిప్పి చూసి, సరే అనేదాన్ని. మధ్యలో ఒకసారి ఆయనే రీలు పైకెత్తి, "ఇది నలుపే కదా?" అని అడిగారు. అది నలుపే. ఆయనకు కనిపిస్తోందని నాకు తెలుసు. అయినా అడిగారు, నేను చెప్పాను. ప్లీడరుగారి కోటు కూడా ఆ పూటే పూర్తయింది.

పరీక్ష ఫలితం చూసే రోజున పొద్దుటి నుంచీ మబ్బు పట్టింది. పళ్ళేన్ని మూతతోనే పక్కకి జరిపాను. పక్క బెంచి ఆవిడ తీసింది. మామూలు రకం వరసలు పచ్చగా నిలబడి ఉన్నాయి. లోపం రకం వరసలు మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, తెల్లబడి పళ్ళేనికి కరుచుకుపోయాయి. ఒక్కటి మిగల్లేదు. చచ్చిన మొక్కల్ని చూసి అంత సంతోషపడిన మనిషి ఇంకొకరు ఉండరు.

సార్‌ని అడిగి ఆ పళ్ళెం ఇంటికి పట్టుకొచ్చాను. గుమ్మంలోకి వచ్చేసరికి తొలి చినుకులు మొదలయ్యాయి. ముందుగదిలో పాత బల్బే వెలుగుతోంది. మామయ్య మిషను ఆపి తలెత్తారు.

"చచ్చాయా?"

"చచ్చాయి మామయ్యా."

"అన్నీనా?"

"చావాల్సినవన్నీ."

పళ్ళెం బల్ల మీద పెట్టాను. వరసల చివర, గుర్తుకోసం ఆయన కత్తిరించి ఇచ్చిన దారపు ముక్కలు అలాగే అతికి ఉన్నాయి. ఆయన వంగి, తెల్లబడిన వరసల చివరి దారం మీద వేలు పెట్టబోయి, తడమకుండా వెనక్కి తీసుకున్నారు. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని చాలాసేపు చూశారు.

"నీలమే" అన్నారు.